మా పాప లివర్‌లో గడ్డ: పేరు తెలిసేదాకా, తెలిశాక

మా పాపకి ఇప్పుడు ఏడేళ్లు. బిలియరీ అట్రీసియాతో పుట్టింది. పైత్యరసం పారే గొట్టాలు మూసుకుపోయి లివర్ పాడైపోయే జబ్బు అది. పైత్యరసానికి దారి కోసం పేగుని నేరుగా లివర్‌కి కలిపే కసాయ్ ఆపరేషన్ రెండో నెలలో చేశారు, పనిచేయలేదు. 2019లో, పదకొండో నెలలో, చెన్నైలో లివర్ మార్పిడి చేశారు. నా లివర్‌లోంచే ముక్క తీసి పెట్టారు. అదంతా వేరే కథ. ఆ తర్వాత ఐదేళ్లు, కొత్త లివర్‌ని శరీరం తిప్పికొట్టకుండా (రిజెక్ట్ చేయకుండా) ఆపే టాక్రోలిమస్ మాత్రలు, నెలనెలా రక్తపరీక్షలు తప్ప పెద్ద ఇబ్బంది లేకుండా గడిచాయి. తర్వాత వచ్చినదాని గురించి ఇక్కడ రాస్తున్నాను. ఆ జబ్బు పేరు తెలిశాక తెలుగులో వెతికితే నాకు ఒక్క ముక్క కూడా దొరకలేదు.

2024 ఆగస్టు 12, సోమవారం. విజయవాడ సూర్యారావుపేటలో ఎప్పుడూ వెళ్లే స్కాన్ సెంటర్‌కే మామూలు అల్ట్రాసౌండ్ కోసం వెళ్లాం. డాక్టరు గారు ఒకేచోట మళ్లీ మళ్లీ పెట్టి చూస్తున్నారు. "ఈమధ్య జ్వరం ఏమైనా వచ్చిందామ్మా? బరువు తగ్గిందా?" అని అడిగారు. రెండూ లేవు. పాప ఆ ముందురోజే మేనత్త పెట్టిన గారెలు మూడు తిని ఇంకా కావాలని ఏడ్చింది. రిపోర్టులో మాత్రం లివర్‌లో రెండు గడ్డలు అని వచ్చింది, పెద్దది 2.8 సెంటీమీటర్లు. లివర్ పరీక్షలన్నీ నార్మల్. పిల్లల్లో వచ్చే లివర్ కాన్సర్‌కి చూసే ఏఎఫ్‌పీ కూడా నార్మల్. అంతా బాగుందంటున్న కాగితాల పక్కన ఈ ఒక్క కాగితం ఉండటమే నాకు భయం వేసింది.

రెండు రోజుల తర్వాత కాంట్రాస్ట్ సీటీ తీశారు. గడ్డల అంచు మాత్రమే మెరుస్తోందని, చీముగడ్డ కావచ్చు, టీబీ కావచ్చు, లింఫోమా (తెల్ల రక్తకణాల్లో వచ్చే ఒక కాన్సర్) లాంటిది కావచ్చు, ఇంకేదైనా గడ్డ కావచ్చు అని రాశారు. ఇన్ని "కావచ్చు"లతో ఇంటికొచ్చాం. ఇక్కడ చూపించిన ఒక డాక్టరు గారు టీబీయే అయి ఉంటుందని మందులు రాసేశారు. అదృష్టం కొద్దీ చెన్నైలో మా ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కి ఆ చీటీ ఫొటో పంపాను. ఐదు నిమిషాల్లో ఫోన్ వచ్చింది. "ఒక్క మాత్ర కూడా వేయొద్దు. అందులో ఉన్న టీబీ మందు రిఫాంపిసిన్ వేస్తే రక్తంలో టాక్రోలిమస్ లెవల్ అమాంతం పడిపోతుంది, లివర్ రిజెక్ట్ అవుతుంది." మార్పిడి అయిన పిల్లలకి ఏ కొత్త మందు రాసినా, అది దగ్గు మందైనా సరే, ముందు ట్రాన్స్‌ప్లాంట్ వాళ్లకి చూపించాలన్నది మాకు మొదట్నుంచీ చెప్పిన మాటే. ఆరోజు దాని విలువ తెలిసింది.

చెన్నై డాక్టరు గారి అనుమానం పీటీఎల్‌డీ మీద. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లలో వైరస్ వల్ల వచ్చే లింఫోమా లాంటి జబ్బు అది. "ముక్క తీస్తేగానీ ఏమీ చెప్పలేం" అన్నారు. బయాప్సీకి విజయవాడలోనే సెప్టెంబర్ 3కి టైమ్ ఇచ్చారు.

మా ఇల్లు సింగ్ నగర్‌లో. ఆ వారం ఏం జరిగిందో విజయవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. శనివారమంతా వాన. ఆదివారం సెప్టెంబర్ 1న బుడమేరు వాగు నీళ్లు వీధిలోకి, అక్కణ్నుంచి ఇంట్లోకి వచ్చాయి. ఇంటివాళ్లది పై వాటా. పాపని, మందుల డబ్బాని, ఫైలుని ముందు పైకి చేర్చాం. మిగిలినవి తర్వాత చూసుకుందామనుకున్నాం గానీ ఆ "తర్వాత" రాలేదు. ఫ్రిజ్, మంచం, మా అత్తయ్య కుట్టుమిషన్ అన్నీ నీళ్లలోనే. కరెంటు లేదు, ఫోన్లో చార్జింగ్ లేదు. టాక్రోలిమస్ పన్నెండు గంటలకోసారి వేయాలి, మాకు పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి. డబ్బాలో ఉన్న స్ట్రిప్పులు కొవ్వొత్తి వెలుగులో లెక్కపెట్టుకుంటే వారానికి సరిపడా కూడా లేవు. ఇంటివాళ్లమ్మాయి ఫోన్లో మిగిలిన కాస్త చార్జింగ్‌తో మా తమ్ముడికి మందు పేరు, బ్రాండ్ మెసేజ్ చేశాను. బ్రాండ్ కూడా అదే ఉండాలి, మారిస్తే మళ్లీ లెవల్ చూడాలి. సింగ్ నగర్ మెడికల్ షాపులన్నీ మునిగాయి. ఆ మందు మామూలు షాపుల్లో ఎలాగూ ఉండదు.

మూడో రోజు పడవలో బయటపడ్డాం. తమ్ముడు మందు పట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. అక్కణ్నుంచి నేరుగా గుంటూరు, బ్రాడీపేటలో మా అమ్మ వాళ్లింటికి. ఒక్క డోసు కూడా తప్పలేదు. ఆ వారంలో మాకు కలిసొచ్చింది అదొక్కటే. ఫైలు తడవలేదు గానీ స్కాన్ సీడీలు మాత్రం కింది బీరువాలో ఉండిపోయాయి. సెంటర్ వాళ్లు మళ్లీ రాసిచ్చారు. ప్రతి రిపోర్టునీ ఫొటో తీసి తమ్ముడికి పంపే అలవాటు మా ఆయనది. ఆ ఫొటోలు తర్వాత చాలాసార్లు అక్కరకొచ్చాయి.

బయాప్సీ తేదీ పోయింది. మళ్లీ కొత్తగా గుంటూరులో సెప్టెంబర్ 11న చేయించాం. ముందు ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే పరీక్ష చూశారు. మత్తు ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో సన్నటి ముక్కలు తీశారు. లోపల పావుగంట పని. ఆ తర్వాత ఆరు గంటలు కదలకుండా వెల్లకిలా పడుకోబెట్టాలి, అసలు కష్టం అక్కడే. మా నాన్న తెనాలి రామలింగడి కథలన్నీ అయిపోగొట్టి, చివరికి సొంతంగా కల్పించి చెప్పారు. ఒక రాత్రి ఉంచుకుని పంపారు. అన్నీ కలిపి ఇరవై రెండు వేలు అయింది.

వారం తర్వాత వచ్చిన రిపోర్టులో "స్పిండిల్ సెల్" (కదురు ఆకారపు కణాల) గడ్డ, ఐహెచ్‌సీ చేయించాలి అని ఉంది. ఐహెచ్‌సీ అంటే ఆ ముక్కకే రకరకాల రంగులు వేసి అది ఏ జాతి కణమో చూసే పరీక్ష. తొమ్మిది వేలు, ఇంకో వారం. ఫలితం వచ్చింది: కండరపు గుర్తులు ఎస్ఎంఏ, డెస్మిన్ పాజిటివ్. లింఫోమాకి చూసే సీడీ20 నెగటివ్. అంటే పీటీఎల్‌డీ కాదు. హమ్మయ్య అనుకునేలోపే కింద లైన్లో "లియోమయోసార్కోమా అయ్యే అవకాశం పరిశీలించాలి" అని ఉంది, అంటే కండరంలో పుట్టే కాన్సర్. సార్కోమా అన్న మాట చదివాక ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. చూపించిన చోట కీమో సంగతి ఎత్తారు. ఎన్ని సైకిళ్లు, ఎంతవుతుంది అనేదాకా వెళ్లింది మాట.

మర్నాడు ల్యాబ్ నుంచి పాథాలజీ డాక్టరమ్మ ఫోన్ చేశారు. చిన్న వయసే అనుకుంటా గొంతుని బట్టి. "మీ పాపకి ఇంతకుముందు ఏమైనా పెద్ద ఆపరేషన్ అయిందా అమ్మా? ఆరేళ్ల పిల్లకి లివర్‌లో ఇలాంటి గడ్డలు రెండుండటం నాకు తేడాగా ఉంది" అన్నారు. లివర్ మార్పిడి అని చెప్పగానే ఒక్క క్షణం ఆగి, "ఆ మాట ఫారంలో లేదమ్మా" అన్నారు. ముక్కతో పాటు వెళ్లిన ఫారంలో వయసు, "లివర్‌లో గడ్డ" అన్న రెండు మాటలు తప్ప ఏమీ రాయలేదట. మార్పిడి, టాక్రోలిమస్ అనే రెండు పదాలు ఉండి ఉంటే వైరస్ కోసం చూసే ఇంకో పరీక్ష మొదటే చేయించేవాళ్లం అన్నారావిడ. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో కూడా తెలియని కోపం. మీ పిల్లల ముక్క ల్యాబ్‌కి వెళ్తుంటే ఆ ఫారం ఒకసారి అడిగి చూడండి. ఎవరూ ఏమీ అనుకోరు.

ఆ పరీక్ష పేరు ఈబర్. గడ్డ కణాల లోపల ఎప్‌స్టీన్-బార్ వైరస్ (ఈబీవీ) ఉందో లేదో చూస్తుంది. బయాప్సీ ముక్కని మైనంలో పోసి చిన్న దిమ్మగా చేసి దాచుతారు, దాన్ని బ్లాక్ అంటారు. ఆ బ్లాక్‌ని ముంబై పంపించాలి. సంతకం పెట్టి తీసుకుని, దూదిలో చుట్టి, మా ఆయనే కొరియర్ చేశారు. ఆరు వేలు. ఈలోగా రక్తంలో ఆ వైరస్ ఎంతుందో చూసే పీసీఆర్ కూడా చేయించారు, ఇంకో ఐదు వేలు. అందులో వైరస్ చాలా తక్కువగా వచ్చింది. అయితే ఇదీ కాదేమో అని మళ్లీ మొదటికొచ్చాం. రక్తంలో తక్కువున్నా గడ్డలో ఉండొచ్చని తర్వాత చెప్పారు.

ఎదురుచూసిన ఆ రోజులు దసరా రోజులు. ఊరంతా దుర్గమ్మ దగ్గరికి వెళ్తోంది, రోడ్లన్నీ మళ్లించారు. మేము సింగ్ నగర్ ఇంట్లో బురద కడుగుతున్నాం. అక్టోబర్ రెండో వారంలో వాట్సాప్‌లో రిపోర్ట్ వచ్చింది. ఈబర్ పాజిటివ్. గడ్డలో దాదాపు ప్రతి కణంలోనూ వైరస్. ఇది ఈబీవీ వల్ల వచ్చే స్మూత్ మజిల్ ట్యూమర్, అంటే రక్తనాళాల గోడల్లో ఉండేలాంటి కండర కణాల గడ్డ. పాథాలజీ డాక్టరమ్మకి చెబితే, "ఇక కీమో గురించి తొందరపడకండి, మీ ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్‌తో మాట్లాడండి" అన్నారు. స్కాన్ రోజు నుంచి పేరు తెలియడానికి రెండు నెలలు పట్టింది.

చెన్నైకి రాత్రి రైల్లో వెళ్లాం. ఇక్కడ ఒక పనికొచ్చే సంగతి: కాన్సర్ వైద్యానికి వెళ్లే పేషెంటుకి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ ఉచితం, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. ఆస్పత్రి ఇచ్చిన ఫారం తీసుకుని స్టేషన్ కౌంటర్‌కే వెళ్లాలి. మాకు మొదటిసారి తెలియక పూర్తి డబ్బు పెట్టాం, తర్వాత నుంచి వాడుతున్నాం.

అక్కడ ఛాతీ సీటీ కూడా తీస్తే కుడి ఊపిరితిత్తిలో 6 మిల్లీమీటర్ల చుక్క కనబడింది. "పాకిపోయిందా?" అని మా ఆయన అడిగారు. డాక్టరు గారు చెప్పింది మాకు అర్థం కావడానికి టైమ్ పట్టింది. ఈ జబ్బులో ఒకచోటి గడ్డ ఇంకోచోటికి పాకడం కాదట. చాలామందిలో ఒక్కో గడ్డా విడిగా, దానికదే పుడుతుందట. అందుకని రెండుచోట్ల ఉంది కాబట్టి ఆఖరి దశ అని లెక్క వేయకూడదు. వైరస్‌ని 1964లోనే ఆఫ్రికా పిల్లల గడ్డల్లో కనిపెట్టారని, ఇలాంటి కండరపు గడ్డల్లో ఉంటుందని మాత్రం 1995లో తేలిందని, అప్పుడు చూసింది హెచ్ఐవీ ఉన్న పిల్లల్లో, అవయవ మార్పిడి అయినవాళ్లలో అని చెప్పారు. లింఫోమాకి ఇచ్చే రిటుక్సిమాబ్ దీనికి పనిచేయదు, ఆ మందు పట్టుకునే సీడీ20 ఈ కణాల మీద ఉండదు కాబట్టి. వైరస్‌కి ఇచ్చే మామూలు మందులు కూడా నిద్రపోతున్న వైరస్‌ని ఏమీ చేయలేవు.

మరి చేసేదేమిటి? వీలైతే కోసి తీసేయాలి. మా పాపకి పెట్టింది చిన్న ముక్క లివర్, గడ్డ పెద్ద రక్తనాళం పక్కనే ఉంది, కోయడం ప్రమాదం అన్నారు. రెండోది, రోగనిరోధక శక్తిని అణిచే మందు తగ్గించడం. శరీరం తనంతట తాను వైరస్‌తో పోరాడాలి. కానీ మందు తగ్గిస్తే లివర్‌ని పరాయిదనుకుని దాడి చేస్తుంది. లివర్‌ని కాపాడేదే గడ్డని పెంచుతోంది. దీనికి మధ్యేమార్గం సిరోలిమస్. రిజెక్షన్‌ని అడ్డుకుంటూనే, ఈ గడ్డలు పెరగడానికి వాడుకునే ఎంటార్ అనే దారిని మూస్తుంది. టాక్రోలిమస్ బాగా తగ్గించి, సిరోలిమస్ కలిపారు.

అప్పుడు నేనో ప్రశ్న అడిగాను. అడగకుండా ఉండాల్సిందని ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది. "ఆ వైరస్ పాపకి ఎక్కణ్నుంచి వచ్చింది?" మార్పిడికి ముందు పాపకి నెగటివ్, నాకు పాజిటివ్ అని పాత ఫైల్లోనే ఉంది. నా లివర్ ముక్కతో పాటే వెళ్లి ఉండొచ్చు. డాక్టరు గారు వెంటనే, "పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఈ వైరస్ ఉంటుందమ్మా. ఉమ్ముతో వస్తుంది. మీరు ఇవ్వకపోయినా ఎవరో ముద్దు పెట్టుకుంటే వచ్చేది. మీరు ఇవ్వకపోతే పాపే ఉండేది కాదు" అన్నారు. గడ్డ కణాలు నావా, పాపవా అని చూసే పరీక్ష కూడా ఉందట, చేసినా వైద్యం మారదు కాబట్టి వద్దన్నారు. నేనూ వద్దన్నాను. చెన్నై సెంట్రల్‌లో రైలు కోసం కూర్చున్నంతసేపూ నా పొట్ట మీది మచ్చ మీద చెయ్యి పెట్టుకునే ఉన్నాను.

మందు తెచ్చుకుని డబ్బాలో కాగితం చదివాను, అదో పొరపాటు కాదు గానీ ఒక శిక్ష. లివర్ మార్పిడి వాళ్లకి వాడితే ప్రమాదం, లివర్ రక్తనాళంలో రక్తం గడ్డకట్టే అవకాశం ఉందని పెద్ద అక్షరాల్లో ఉంది. రాత్రి పదకొండింటికి కోఆర్డినేటర్‌కి ఫోన్ చేశాను. ఆ హెచ్చరిక మార్పిడి అయిన కొత్తలో వాడేవాళ్ల గురించి, మాకు ఐదేళ్లు దాటాయి కాబట్టి లెక్క వేరు అన్నారు. ఇది ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రాత్రి నిద్ర పట్టేది.

రక్తంలో మందు ఎంతుందో చూసే లెవల్ పరీక్షకి రక్తం పొద్దున మాత్ర వేయకముందే ఇవ్వాలి. మందు వేశాక రక్తం ఇస్తే అంకె పనికిరాదు. ఇంకొకటి, రక్తం ఊదారంగు మూత ట్యూబులోనే తీయాలి. ఈ రెండు మందుల లెవల్ మొత్తం రక్తంలో చూస్తారు, సీరంలో కాదు. ఒకసారి కుర్రాడు ఎర్ర మూత ట్యూబు తీస్తుంటే పాపే "అంకుల్, నాది పర్పుల్" అంది. శాంపిల్ బయటి ఊరు వెళ్లొస్తుంది, రెండు మూడు రోజులు ఆగాలి. ఒక్కో లెవల్ మూడు వేల పైనే. మొదట్లో వారానికోసారి కావడంతో మందు కన్నా పరీక్షకే ఎక్కువైంది.

నవంబరంతా నోటిపూత. సిరోలిమస్‌తో అది మామూలేనట. కారం ముట్టలేదు, పెరుగన్నం, చల్లారిన రాగిజావ, అంతే. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు పెరిగింది, నూనె తగ్గించాం. పంపర పనస అస్సలు వద్దన్నారు, మందు లెవల్ పెంచేస్తుందట. మా అమ్మ పెరట్లో చెట్టు ఉంది, ఆ ఏడాది కాయలన్నీ వీధిలో పంచిపెట్టింది.

చుట్టాల సంగతి చెప్పకపోతే ఈ అనుభవం పూర్తి కాదు. "జుట్టు ఊడలేదుగా, కాన్సర్ కాదేమో, డబ్బు కోసం చెప్తున్నారేమో" అన్నారు ఒకరు. "వైరస్ అంటున్నారు, మా పిల్లలకి అంటదా" అన్నారు ఇంకొకరు. మా అత్తయ్య పాపకి గ్లాసు వేరే పెట్టింది. ఆ వైరస్ మీలోనూ ఉండే ఉంటుంది అత్తయ్యా, ఒంట్లో శక్తి బాగుంది కాబట్టి అది నోరు మూసుకుని పడి ఉంది అని మా ఆయన చెప్పాక, రెండు రోజులు ఆలోచించి గ్లాసు కలిపేసింది.

డిసెంబర్‌లో ఎస్‌జీపీటీ, అంటే లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే అంకె, 200 దాటింది. రిజెక్షన్ మొదలైందేమో అన్నారు. మామూలుగా అయితే స్టెరాయిడ్ ఇస్తారు, కానీ ఇస్తే గడ్డకి మేలు చేసినట్టు. అన్నిటికన్నా ఎక్కువ భయపడింది అప్పుడే, గడ్డ అన్నప్పుడు కూడా అంత భయం లేదు. చూస్తే సిరోలిమస్ లెవల్ ఉండాల్సిన దానికన్నా తక్కువుంది. స్టెరాయిడ్ జోలికి పోకుండా సిరోలిమస్ డోసు పెంచి, నాలుగేసి రోజులకి రక్తం చూస్తూ వచ్చారు. సంక్రాంతికి అంకెలు దిగాయి.

జనవరి 2025 ఎంఆర్ఐలో గడ్డలు అంతే ఉన్నాయి, తగ్గలేదు. మేము ఏడుపు మొహాలతో కూర్చుంటే డాక్టరు గారు పెరగకపోవడాన్ని గెలుపు కింద లెక్కేసుకోమన్నారు. అప్పుడు నాకు అది ఓదార్పులా అనిపించింది తప్ప నమ్మకం కలగలేదు. మే నెలలో 2.8 ఉన్నది 2.1కి వచ్చింది. అక్టోబర్ స్కాన్‌లో 1.9, రెండోది సరిగ్గా కొలవలేనంత చిన్నదైంది. ఊపిరితిత్తిలోది మాత్రం అలాగే ఉంది. మొదటి రెండు ఎంఆర్ఐలకి మత్తు ఇవ్వాల్సి వచ్చింది, దానికి విడిగా ఏడు వేలు. అక్టోబర్‌కి మా ఆయన యూట్యూబ్‌లో ఆ మిషన్ చప్పుడు వినిపించి, బల్ల కింద పడుకోబెట్టి రోజూ అలవాటు చేయించారు. మత్తు లేకుండానే అయిపోయింది.

మొత్తం మీద బయటి పరీక్షలు, ప్రయాణాలు, మందులు కలిపి మూడు లక్షల నలభై వేల దాకా అయింది. మా ఆయనది ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపులో ఉద్యోగం. వరదలో సామాను పోయిన సంవత్సరమే ఇదీ. ముఖ్యమంత్రి సహాయనిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా అప్లై చేశాం. జిరాక్సులు పనికిరావు, ఆస్పత్రి సీలున్న ఒరిజినల్ బిల్లులే కావాలి. కొన్ని నెలలకి కొంత వచ్చింది. బిల్లు ఇచ్చిన రోజే సీలు వేయించుకుంటే తర్వాత తిరగక్కర్లేదు.

తర్వాతి స్కాన్ జనవరిలో. ఊపిరితిత్తిలోది అప్పటికీ అలాగే ఉంటే వదిలేద్దామంటున్నారు. పెరిగితే చిన్న కోతతో తీసేస్తారట. అయితే సిరోలిమస్ వాడుతుంటే గాయం త్వరగా మానదు, అందుకని ఆపరేషన్‌కి ముందూ వెనకా కొన్ని వారాలు ఆ మందు ఆపాలి. ఆ వారాల్లో లివర్‌ని దేనితో కాపాడతారు, టాక్రోలిమస్ మళ్లీ పెంచితే మిగతా గడ్డలు ఊరుకుంటాయా అన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు. డాక్టరు గారిని అడగాల్సిన వాటి కాగితంలో దాన్నే మొదట రాసుకున్నాను.